గడ్డ పేరులోనే ఆయువు గుట్టు!

ఊపిరితిత్తుల్లో గడ్డలన్నీ ఒక్కటి కావు. కొన్ని నెలల్లోనే మనిషిని మింగేస్తాయి. కొన్నింటిని తీసేస్తే చాలు... ఆ మనిషి మనవల పెళ్లిళ్లూ చూస్తాడు. అరుదుగా వచ్చే గడ్డల్లో ఎవరు ఎంతకాలం బతుకుతారన్నది దేన్ని బట్టి ఉంటుంది?

'ఊపిరితిత్తుల్లో గడ్డ ఉంది.'

డాక్టరు నోటి నుంచి ఆ ఒక్క మాట వస్తే చాలు, ఆ ఇంట్లో ఆ పూట పొయ్యి వెలగదు. దూరాన ఉన్న పెద్దకొడుకు సెలవు పెట్టి వచ్చేస్తాడు. కూతురి పెళ్లి ముహూర్తం ముందుకు జరుగుతుంది. బీరువాలోంచి పొలం కాగితాలు బయటికొస్తాయి. గడ్డ అంటే క్యాన్సర్, క్యాన్సర్ అంటే చావు... మన లెక్క అంతే!

వైద్యుల లెక్క మాత్రం అంత తేలిగ్గా తేలదు. 1998లో విలియం ట్రావిస్ అనే అమెరికా పాథాలజిస్టు, ఆయన సహచరులు కలిసి ఊపిరితిత్తుల్లో వచ్చే ఒకే కుటుంబానికి చెందిన 200 గడ్డలను సూక్ష్మదర్శిని కింద పరీక్షించారు. వాటిని నాలుగు రకాలుగా విడదీసి, ఆ రోగులు ఎంతకాలం బతికారో చూశారు. మొదటి రకం గడ్డ ఉన్నవారిలో ఐదేళ్ల తర్వాత బతికి ఉన్నవారు 87 శాతం. రెండో రకంలో 56 శాతం. మూడో రకంలో 27 శాతం. నాలుగో రకంలో 9 శాతం!

నాలుగూ ఊపిరితిత్తుల్లోనే పుట్టాయి. నాలుగూ ఒకే తరహా కణాల లక్షణాలు చూపించాయి. ఎక్స్‌రేలో చూస్తే ఏది ఏదో చెప్పడం కష్టం. అయినా ఒకరికి దాదాపు నిండు జీవితం, మరొకరికి కొద్ది నెలలు. అందుకే ఊపిరితిత్తుల్లో గడ్డ అనగానే అడగాల్సిన మొదటి ప్రశ్న 'ఎన్నాళ్లు బతుకుతాడు డాక్టరుగారూ' అన్నది కాదు. 'దాని పేరేంటి డాక్టరుగారూ' అన్నది!

నలుగురు అన్నదమ్ములు

ఆ నాలుగు రకాలకూ ఉమ్మడి ఇంటిపేరు ఒకటుంది. న్యూరోఎండోక్రైన్ ట్యూమర్లు. ఈ మాట మనకు మరీ కొత్తదేం కాదు. 2018 మార్చిలో హిందీ నటుడు ఇర్ఫాన్ ఖాన్ తనకు న్యూరోఎండోక్రైన్ ట్యూమర్ వచ్చిందని ప్రకటించినప్పుడు దేశమంతా దీని గురించి ఆరా తీసింది. 'న్యూరో' అని ఉంది కాబట్టి మెదడులో గడ్డ అనుకున్నవాళ్లే ఎక్కువ. అది నిజం కాదు. కొంత నాడీకణం స్వభావం, కొంత హార్మోన్లు తయారుచేసే గ్రంథి స్వభావం కలగలిసిన కణాలు మన ఒంట్లో చాలాచోట్ల ఉంటాయి. పేగుల్లో, క్లోమంలో, ఊపిరితిత్తుల్లో. అవి అదుపు తప్పి పెరిగితే వచ్చేవే ఈ గడ్డలు.

ఊపిరితిత్తుల్లో వచ్చే నలుగురు అన్నదమ్ముల్లో పెద్దవాడు, నెమ్మదస్తుడు 'టిపికల్ కార్సినాయిడ్'. రెండోవాడు 'ఎటిపికల్ కార్సినాయిడ్'. కాస్త దుడుకు. మూడోది 'లార్జ్ సెల్ న్యూరోఎండోక్రైన్ కార్సినోమా', నాలుగోది 'స్మాల్ సెల్ కార్సినోమా'. చివరి రెండూ దాదాపుగా పొగతాగేవారిలోనే కనిపిస్తాయి, చాలా వేగంగా పాకుతాయి. నాలుగో రకం అంత అరుదైనదేమీ కాదు. కార్సినాయిడ్లు మాత్రం నిజంగా అరుదు. ఊపిరితిత్తుల గడ్డలన్నింటిలో అవి ఒకటి రెండు శాతమే.

అవి వచ్చే తీరూ వేరే. టిపికల్ కార్సినాయిడ్‌కు సిగరెట్టుతో సంబంధం ఉన్నట్టు తేలలేదు. మామూలు ఊపిరితిత్తుల క్యాన్సర్ ఎక్కువగా అరవై, డెబ్బై ఏళ్ల వయసులో బయటపడితే ఇది నలభైల్లో, యాభైల్లో కనిపిస్తుంది. ఇంకా చిన్న వయసులోనూ రావచ్చు. పిల్లల ఊపిరితిత్తుల్లో మొదలయ్యే క్యాన్సర్ గడ్డల్లో ముందు వరసలో ఉండేది ఇదే.

పేరు తెచ్చిన తంటా

'కార్సినాయిడ్' అనే పేరు పెట్టింది జర్మనీకి చెందిన పాథాలజిస్టు సీగ్‌ఫ్రీడ్ ఓబెర్న్‌డోర్ఫర్. 1907లో పేగుల్లో కనిపించిన చిన్న చిన్న గడ్డలను వర్ణిస్తూ, ఇవి క్యాన్సర్‌లా కనిపిస్తాయి గానీ క్యాన్సర్ కావు అనే అర్థంలో ఆ పేరు పెట్టారు. ఇరవై రెండేళ్ల తర్వాత, 1929లో ఆయనే తన మాట సవరించుకున్నారు. ఇవి కూడా ముదిరి ఇతర అవయవాలకు పాకగలవని ఒప్పుకున్నారు. కానీ అప్పటికే పేరు స్థిరపడిపోయింది.

ఊపిరితిత్తుల్లో ఉన్నదానికి ఇంకా మెత్తని పేరుండేది. చాలాకాలం దాన్ని 'బ్రాంకియల్ ఎడినోమా' అన్నారు. ఎడినోమా అంటే హాని చేయని గడ్డ. రోగికీ ధీమా, డాక్టరుకూ ధీమా. తీరా కొన్నేళ్లకు కొందరిలో కాలేయంలోనో, ఎముకల్లోనో తేలేది. 1972లో అమెరికాలోని మాయో క్లినిక్ వైద్యులు ఈ గడ్డల్లోనే దుడుకు రకం ఒకటుందని వేరుచేసి చూపించారు. అదే ఎటిపికల్ కార్సినాయిడ్. ఆ తేడాకు కచ్చితమైన కొలత దొరకడానికి మరో పాతికేళ్లు పట్టింది. అందుకు దారి చూపిందే ముందు చెప్పుకున్న 1998 నాటి అధ్యయనం.

ఈ రోజు వైద్యులు కార్సినాయిడ్‌ను హాని చేయని గడ్డ అనడంలేదు. టిపికల్ రకాన్ని కూడా క్యాన్సర్‌గానే లెక్కిస్తున్నారు, నెమ్మదిగా పెరిగే క్యాన్సర్‌గా. అంటే భయంతో వణికిపోనక్కర్లేదు... అలాగని ధీమాగా పడుకోనూ కూడదు.

ఆస్తమా కాదు... క్షయా కాదు!

ఆయువును తేల్చే అంశాల్లో మొదటిది, పుస్తకాల్లో అంతగా కనిపించనిది... గడ్డను గుర్తించడానికి పట్టే కాలం.

కార్సినాయిడ్లలో ఎక్కువ భాగం పెద్ద శ్వాసనాళాల్లోనే పుడతాయి. నాళంలోకి పొడుచుకొచ్చి గాలికి అడ్డం పడతాయి. దాంతో దగ్గు, పిల్లికూతలు. గడ్డకు రక్తనాళాలు ఎక్కువ కాబట్టి అప్పుడప్పుడూ కఫంలో నెత్తురు. అడ్డం వెనక కఫం నిలిచిపోయి న్యుమోనియా. మందులు వాడితే తగ్గుతుంది, మూణ్నెల్లకు మళ్లీ వస్తుంది.

ఈ లక్షణాలతో ముప్ఫయ్యేళ్ల మనిషి వెళితే ఎవరికైనా ముందు ఏం తడుతుంది? పిల్లికూతలుంటే ఆస్తమా. నెత్తురు పడితే క్షయ. ప్రపంచంలోని క్షయ కేసుల్లో దాదాపు నాలుగోవంతు మన దేశంలోనే ఉన్నాయి. కాబట్టి క్షయను అనుమానించడం తప్పు కాదు, అనుమానించకపోతేనే తప్పు. చిక్కంతా అక్కడే ఆగిపోవడంతోనే. కఫం పరీక్షలో క్రిమి దొరక్కపోయినా ఎక్స్‌రేలో మచ్చ చూసి ఆరు నెలల మందులు మొదలుపెట్టడం, తగ్గకపోతే ఇంకొన్నాళ్లు పొడిగించడం... ఇలా ఏళ్లు దొర్లిపోయిన సంఘటనలు వైద్య పత్రికల్లో కోకొల్లలు. ఇన్‌హేలర్లు మార్చి మార్చి వాడుతూ గడిపేసినవాళ్లూ అంతే.

అనుమానించడానికి కొన్ని గుర్తులున్నాయి. ఆస్తమా పిల్లికూత సాధారణంగా రెండు వైపులా వినిపిస్తుంది. స్టెతస్కోపు పెడితే ఒక్కవైపే, ఒక్కచోటే వినిపిస్తుంటే ఆలోచించాలి. మంచి ఇన్‌హేలర్ సరిగ్గా వాడినా గుణం కనిపించకపోతే ఆలోచించాలి. న్యుమోనియా ఏటా ఊపిరితిత్తిలో అదే భాగంలో వస్తుంటే తప్పకుండా ఆలోచించాలి. క్షయ మందులు వాడుతున్నా ఎక్స్‌రేలో మచ్చ చెక్కుచెదరకపోతే, ఆ మందుల కోర్సు పొడిగించేముందు సీటీ స్కాన్ తీయించాలి. ఆపైన బ్రాంకోస్కోపీ. అంటే సన్నని గొట్టంతో శ్వాసనాళాల లోపలికి తొంగిచూడటం.

కొందరిలో ఏ లక్షణమూ ఉండదు. ఏదో ఆపరేషన్‌కు ముందో, విదేశీ వీసా కోసమో ఎక్స్‌రే తీయిస్తే గుండ్రని మచ్చ బయటపడుతుంది. అలాంటివాళ్లు ఒకరకంగా అదృష్టవంతులు.

ఇంకా అరుదుగా ఈ గడ్డ హార్మోన్ల వేషం కట్టి వస్తుంది. గడ్డలోంచి ఏసీటీహెచ్ అనే హార్మోను విడుదలైతే ముఖం గుండ్రంగా ఉబ్బుతుంది, బీపీ, షుగరు పెరుగుతాయి, తొడల్లో బలం తగ్గుతుంది. దీన్నే కుషింగ్స్ సిండ్రోమ్ అంటారు. ఊపిరితిత్తిలో గింజంత గడ్డ కూడా ఇంత పని చేయగలదు. మూలం అక్కడుందని తెలుసుకోవడానికే ఒక్కోసారి ఏళ్లు పడుతుంది.

ముక్క చిన్నదైతే ముప్పు

గడ్డ దొరికింది. ముక్క తీసి బయాప్సీకి పంపారు. ఇక్కడ మొదలవుతుంది అసలు కథ.

పాథాలజిస్టు గాజుపలక మీద కణాలను చూస్తూ, విభజన చెందుతున్నవి ఎన్నున్నాయో లెక్కపెడతారు. రెండు చదరపు మిల్లీమీటర్ల జాగాలో అవి రెండు కంటే తక్కువగా ఉండి, కణాలు చచ్చిపోయిన ప్రాంతం లేకపోతే అది టిపికల్. రెండు నుంచి పది మధ్య ఉంటే, లేదా కణాలు చచ్చిన ఆనవాళ్లుంటే ఎటిపికల్. పది దాటితే మూడో రకమో, నాలుగో రకమో. ఈ కాస్త లెక్క మీదే 87 శాతమా, 56 శాతమా అన్నది ఆధారపడుతుంది!

బ్రాంకోస్కోపీతో తీసే ముక్క బియ్యపు గింజంత కూడా ఉండదు. పైగా పట్టకారు నొక్కుడికి కణాలు నలిగిపోతాయి. నలిగిన కార్సినాయిడ్ కణాలు చూడటానికి అచ్చం స్మాల్ సెల్ క్యాన్సర్‌లాగే ఉంటాయి. అంటే అన్నదమ్ముల్లో అందరికంటే నెమ్మదస్తుడు అందరికంటే క్రూరుడిలా కనబడతాడు. ఆపరేషన్‌తో నయమయ్యే మనిషికి ఆపరేషన్ పనికిరాదని చెప్పి కీమోథెరపీ మొదలుపెట్టే ప్రమాదం ఇక్కడే ఉంది. అలా పొరబడిన సంఘటనలు వైద్య సాహిత్యంలో నమోదయ్యాయి.

దీనికి విరుగుడు ఉంది. 'కేఐ-67' అనే పరీక్షతో కణాలు ఎంత వేగంగా పెరుగుతున్నాయో తెలుస్తుంది. కార్సినాయిడ్లలో ఇది మామూలుగా 20 శాతం లోపే. స్మాల్ సెల్‌లో 50 శాతం దాటి, చాలాసార్లు 80, 90 దాకా వెళుతుంది. సిగరెట్టు ముట్టని నలభై ఏళ్ల మనిషికి, ఏడాదిగా సైజు పెద్దగా పెరగని గడ్డకు 'స్మాల్ సెల్' అని రిపోర్టు వస్తే దాన్ని మరోసారి చూపించుకోవడం అనుమానం కాదు... అవసరం.

అందుకే గుర్తుంచుకోవాల్సిన సంగతి ఒకటుంది. బయాప్సీ రిపోర్టు కాగితం మాత్రమే రోగిది అనుకుంటారు చాలామంది. ఆ ముక్కను మైనంలో పొదిగి దాచే 'బ్లాకు', దాన్నుంచి కోసిన 'స్లైడ్లు' కూడా అడిగి తీసుకోవచ్చు. వాటిని అనుభవమున్న మరో క్యాన్సర్ ఆసుపత్రికి పంపితే చాలు. మళ్లీ ముక్క తీయించుకోనక్కర్లేకుండానే రెండో అభిప్రాయం దొరుకుతుంది. హైదరాబాద్‌లోని ఎంఎన్‌జే, నిమ్స్, విశాఖపట్నంలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి, ముంబైలోని టాటా మెమోరియల్ లాంటి చోట్ల క్యాన్సర్ ముక్కలనే రోజంతా చూసే నిపుణులుంటారు. అరుదైన గడ్డను పదిసార్లు చూసిన కంటికీ, మొదటిసారి చూస్తున్న కంటికీ తేడా ఉంటుంది కదా!

ఎంతదూరం పాకింది?

పేరు తేలాక చూసేది గడ్డ ఎక్కడిదాకా వెళ్లిందన్నది. ఊపిరితిత్తి దాటలేదా? పక్కనున్న లింఫు గ్రంథుల్లోకి చేరిందా? కాలేయానికో, ఎముకలకో పాకిందా?

టిపికల్ కార్సినాయిడ్ గ్రంథుల్లోకి చేరేది సుమారు పదిమందిలో ఒకరికి. ఎటిపికల్ అయితే దాదాపు సగం మందికి. గ్రంథుల్లోకి చేరితే రెండింటిలోనూ ఆయుర్దాయం తగ్గుతుంది, ఎటిపికల్‌లో మరీ ఎక్కువగా.

ఈ పాకుడును కనిపెట్టడంలోనూ ఒక మెలిక ఉంది. క్యాన్సర్ అనగానే చేయించే మామూలు పెట్ స్కాన్ చక్కెరను ఆబగా పీల్చుకునే కణాలను పట్టిస్తుంది. టిపికల్ కార్సినాయిడ్ నెమ్మదస్తుడు కదా, చక్కెరను అంతగా పీల్చడు. కాబట్టి స్కాన్‌లో ఏమీ వెలగకపోవచ్చు. 'పెట్ స్కాన్ బాగుంది, ఇది క్యాన్సర్ కాదు' అనుకుంటే పప్పులో కాలేసినట్టే. ఈ కణాల మీద సొమాటోస్టాటిన్ గ్రాహకాలుంటాయి. వాటికి అతుక్కునే గాలియం-68 డోటాటేట్ స్కాన్ చేయిస్తే గడ్డ ఎక్కడెక్కడుందో చాలావరకు బయటపడుతుంది.

విమానం నడపాలన్న కుర్రాడి కోసం

అరుదైన ఊపిరితిత్తుల గడ్డల్లో చాలావాటికి ఇప్పటికీ అసలైన మందు ఆపరేషనే. గడ్డను పూర్తిగా, ఆనవాలు మిగలకుండా, పక్కనున్న లింఫు గ్రంథులతో సహా తీసేయగలిగితే ఆయుర్దాయం పెరుగుతుంది. దాదాపు ఏ అధ్యయనం చూసినా తేలేది ఇదే.

అయితే ఎంత కోయాలి? గడ్డ పెద్ద శ్వాసనాళం మొదట్లో ఉంటే ఒకప్పుడు ఆ వైపు ఊపిరితిత్తి మొత్తం తీసేసేవారు. గడ్డ పోయేది గానీ మనిషి సగమయ్యేవాడు. నాలుగు మెట్లెక్కితే ఆయాసం.

1947లో లండన్‌లో సర్ క్లెమెంట్ ప్రైస్ థామస్ అనే సర్జన్ ముందుకు ఓ యువకుడు వచ్చాడు. బ్రిటన్ వైమానిక దళంలో శిక్షణ పొందుతున్న కేడెట్. శ్వాసనాళంలో అప్పటి భాషలో 'ఎడినోమా'. ఊపిరితిత్తి తీసేస్తే ఇక విమానం ఎక్కే ఆశ వదులుకోవాల్సిందే. ప్రైస్ థామస్ కొత్త దారి తొక్కారు. శ్వాసనాళంలో గడ్డ ఉన్న భాగాన్ని మాత్రం, చొక్కా చేతిని కత్తిరించినట్టు ఉంగరంలా కోసి తీసేసి, రెండు కొసలనూ మళ్లీ కలిపి కుట్టేశారు. మంచి ఊపిరితిత్తిని దక్కించారు. 'స్లీవ్ రిసెక్షన్' అని నేడు ప్రపంచమంతా చేస్తున్న ఆపరేషన్‌కు అదే తొలి అడుగు. 1951లో బ్రిటన్ రాజు ఆరో జార్జ్‌కు క్యాన్సర్ సోకిన ఊపిరితిత్తిని తొలగించిన సర్జన్ కూడా ఆయనే.

కార్సినాయిడ్ లాంటి నెమ్మదైన గడ్డలకు స్లీవ్ ఆపరేషన్ సరిగ్గా సరిపోతుంది. కానీ దానికి చేయి తిరిగిన ఛాతీ సర్జన్ కావాలి. అందుకే ఏ ఆసుపత్రిలో ఆపరేషన్ జరుగుతుందన్నది కూడా ఆయువును తేల్చే అంశమే. 'మొత్తం ఊపిరితిత్తి తీసేయాలి' అని ఒకచోట చెబితే, స్లీవ్ పద్ధతిలో కుదురుతుందేమో మరోచోట కనుక్కోవడంలో తప్పులేదు.

బ్రాంకోస్కోపీ గొట్టంతోనే గడ్డను గీకి తీసేయొచ్చు కదా అనిపిస్తుంది. జాగ్రత్తగా ఎంపిక చేసిన కొద్దిమందికి అది పనికొస్తుంది. కానీ ఈ గడ్డ చాలాసార్లు సముద్రంలో మంచుకొండ లాంటిది. నాళంలోకి కనిపించేది కొసే, అసలు బండ గోడ వెలుపల దాగి ఉంటుంది.

మిగతా చుట్టాలు

ఊపిరితిత్తుల్లో అరుదైనవి కార్సినాయిడ్లే కాదు. యూరప్ నిపుణులు పెట్టుకున్న కొలత ప్రకారం ఏటా లక్షమందిలో ఆరుగురి కంటే తక్కువమందికి వచ్చేది అరుదైన క్యాన్సర్. ఆ జాబితాలో ఊపిరితిత్తులవి చాలానే ఉన్నాయి. ఒక్కోదాని జాతకం ఒక్కోలా ఉంటుంది.

ఎడినాయిడ్ సిస్టిక్ కార్సినోమా: నోట్లోని లాలాజల గ్రంథుల్లో వచ్చే గడ్డే, పెద్ద శ్వాసనాళాల్లోనూ వస్తుంది. చాలా నెమ్మది. కానీ నాళం పొర అడుగునా, నరాల వెంటా చాపకింద నీరులా పాకుతుంది. కంటికి కనిపించినంత మేరా తీసేసినా కొసల్లో కణాలు మిగిలిపోవచ్చు. అందుకే ఆపరేషన్ తర్వాత తరచూ రేడియేషన్ ఇస్తారు. పదేళ్లు దాటాక కూడా తిరగబెట్టగలదు. అయినా గడ్డతోనే ఏళ్ల తరబడి బతికేవాళ్లున్నారు.

మ్యూకోఎపిడెర్మాయిడ్ కార్సినోమా: ఇదీ లాలాజల గ్రంథుల తరహాదే. ఇందులో గ్రేడే సర్వస్వం. తక్కువ గ్రేడు అయితే ఆపరేషన్‌తో నయమవుతుంది. ఎక్కువ గ్రేడు అయితే మామూలు క్యాన్సర్ అంత మొండిది.

ఇన్‌ఫ్లమేటరీ మయోఫైబ్రోబ్లాస్టిక్ ట్యూమర్: పిల్లల్లో, యువతలో కనిపిస్తుంది. ఒకప్పుడు దీన్ని వాపుగానే తీసిపారేసేవారు. పూర్తిగా తీసేస్తే చాలామందికి నయమవుతుంది. సుమారు సగం గడ్డల్లో ఏఎల్‌కే అనే జన్యువులో మార్పు ఉంటుంది. ఆపరేషన్ కుదరనివారిలో ఆ మార్పు ఉంటే వాడుకోవడానికి క్రిజోటినిబ్ అనే బిళ్లకు 2022లో అమెరికా అనుమతిచ్చింది.

సార్కోమటాయిడ్ కార్సినోమా: ఈ చుట్టాల్లో అతి క్రూరమైనది. ఊపిరితిత్తుల క్యాన్సర్లలో ఒక శాతం లోపే గానీ వేగంగా పాకుతుంది, మామూలు కీమోకు లొంగదు. అయితే వీరిలో కొందరికి 'మెట్' అనే జన్యువులో ఒక ప్రత్యేక మార్పు ఉంటుంది. దానికి గురిపెట్టిన మందు క్యాప్‌మాటినిబ్ 2020లో వచ్చింది. జన్యు పరీక్ష చేయించకపోతే ఆ మందు ఉన్నట్టే తెలియదు!

చూశారా... ఒక్కోదానికి దారి ఒక్కోటి. పేరు తేలకుండా వైద్యం మొదలుపెట్టడమంటే చిరునామా లేకుండా ఉత్తరం వేయడమే.

పాకితే అంతేనా?

కార్సినాయిడ్ ఇతర అవయవాలకు పాకినా ఆటే అయిపోయినట్టు కాదు. నెమ్మదిగా పెరిగే గడ్డను ఏళ్ల తరబడి అదుపులో ఉంచే వీలుంది. ఆక్ట్రియోటైడ్, లాన్రియోటైడ్ ఇంజెక్షన్లు హార్మోన్ల అలజడిని తగ్గిస్తాయి, గడ్డ పెరుగుదలకూ కళ్లెం వేస్తాయి. ఎవరోలిమస్ అనే బిళ్ల మీద 302 మందితో ప్రయోగం చేశారు. ఊపిరితిత్తుల్లో, జీర్ణకోశంలో న్యూరోఎండోక్రైన్ గడ్డలున్న వీరికి ఆ మందుతో రోగం సగటున 11 నెలలు ముదరకుండా ఆగింది. ఉత్తుత్తి బిళ్ల వేసుకున్నవారిలో అది 3.9 నెలలే. దీంతో 2016లో దానికి అమెరికాలో అనుమతి దొరికింది. 2025 మార్చిలో కాబోజాంటినిబ్ అనే మరో మందుకూ ఈ గడ్డల్లో వాడకానికి అక్కడ అనుమతి వచ్చింది. రేడియోధార్మిక లుటీషియంను నేరుగా గడ్డ కణాలకే చేరవేసే చికిత్స మన దేశంలోనూ కొన్ని పెద్ద కేంద్రాల్లో దొరుకుతోంది. డోటాటేట్ స్కాన్‌లో గడ్డ బాగా వెలిగినవారికే అది పనికొస్తుంది.

వీటికి తోడు రోగి వయసు, గుండె, మూత్రపిండాల స్థితి, లేచి తన పనులు తాను చేసుకోగల ఓపిక... ఇవన్నీ ఆయువు లెక్కలో చేరతాయి. పొగతాగేవారు ఆపరేషన్‌కు ముందు మానేస్తే గాయం త్వరగా మానుతుంది, న్యుమోనియా ముప్పు తగ్గుతుంది.

శాతాలు తలరాతలు కావు

ఇన్ని అంకెలు చదివాక ఎవరికైనా గుండె ఝల్లుమంటుంది. కానీ అంకెలను చదవడం కూడా ఒక విద్యే.

అమెరికా శాస్త్రవేత్త స్టీఫెన్ జే గౌల్డ్‌కు 1982లో కడుపు లోపలి పొరలో మీసోథీలియోమా అనే అరుదైన క్యాన్సర్ వచ్చింది. ఊపిరితిత్తుల పొరలో వచ్చే మీసోథీలియోమాకు దాయాది అది. పుస్తకాలు తిరగేస్తే 'మధ్యస్థ ఆయుర్దాయం ఎనిమిది నెలలు' అని కనిపించింది. ఆయనకు లెక్కలు తెలుసు కాబట్టి కుప్పకూలిపోలేదు. ఎనిమిది నెలలు మధ్యస్థం అంటే సగం మంది అంతకు మించి బతికారనే కదా అర్థం! ఆ రెండో సగంలో కొందరు నెలలు కాదు, ఏళ్లు బతికి ఉండాలి. చిన్న వయసు, ముందే బయటపడిన రోగం, మంచి వైద్యం... తనకున్న అనుకూలతలను లెక్కేసుకుని, తాను ఆ రెండో సగంలో ఉండే అవకాశం ఎక్కువని తేల్చుకున్నారు. 1985లో ఆ లెక్కనంతా ఒక వ్యాసంగా రాశారు. ఆయన కన్నుమూసింది 2002లో. రోగం బయటపడ్డ ఇరవై ఏళ్లకు, అదీ వేరే క్యాన్సర్‌తో.

అందరికీ అలా జరుగుతుందని కాదు. శాతం అన్నది గుంపు గురించి చెబుతుంది, మనిషి గురించి కాదు. పైగా నేడు మనం చదివే ఐదేళ్ల లెక్క కొన్నేళ్ల కిందట వైద్యం చేయించుకున్నవారిది. ఆనాటికి లేని మందులు కొన్ని ఇప్పుడున్నాయి. అరుదైన గడ్డల్లో అయితే ఆ లెక్క వేసింది కొద్ది వందలమంది మీదే.

డాక్టరుగారిని అడగండి

* గడ్డ కచ్చితమైన పేరేంటి? టిపికలా, ఎటిపికలా? గ్రేడు ఎంత?

* కణ విభజన లెక్క, కేఐ-67 రిపోర్టులో రాశారా?

* స్లైడ్లు, బ్లాకు మరో నిపుణుడికి చూపించవచ్చా?

* లింఫు గ్రంథులకు చేరిందా? డోటాటేట్ స్కాన్ అవసరమా?

* ఆపరేషన్‌లో ఊపిరితిత్తి ఎంత పోతుంది? స్లీవ్ పద్ధతి కుదురుతుందా? గ్రంథులు కూడా తీసి పరీక్షకు పంపుతారా?

* జన్యు పరీక్ష అవసరమా?

* ఆపరేషన్ తర్వాత ఎన్నేళ్లు, ఎంత వ్యవధిలో స్కాన్లు చేయించాలి?

ఈ ఆఖరి ప్రశ్నే అందరూ మర్చిపోయేది. ఐదేళ్లు గడిస్తే క్యాన్సర్ గెలిచినట్టే అన్న మాట నెమ్మదిగా పెరిగే ఈ గడ్డలకు వర్తించదు. పదేళ్ల తర్వాత, ఇంకా ఆలస్యంగా కూడా కాలేయంలో తిరిగి కనిపించవచ్చు. కాబట్టి డిశ్చార్జి కాగితాలు, సీటీ ఫిల్ములు, బయాప్సీ రిపోర్టు ఒక సంచిలో భద్రంగా దాచుకోవాలి, పొలం కాగితాలంత జాగ్రత్తగా. ఏటా స్కాన్‌కు వెళ్లే మనిషికి రోగం మళ్లీ వచ్చినా చిన్నదిగా ఉండగానే దొరికిపోతుంది. అప్పుడు దాన్ని తీసేయడానికో, అదుపు చేయడానికో దారి ఉంటుంది.